మల్బరీ తోట మీదుగా బంతి

మా ఊరి వాలీబాల్ జట్టు మీద నాకున్నంత కోపం ఊళ్లో ఇంకెవరికీ ఉండేది కాదు. ఇష్టం ఉన్నచోటే కదా కోపం వచ్చేది. ఓడిపోయారని కాదు నా బాధ, ఓడిన తీరు చూసి ఒళ్లు మండేది. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలియక ఒక మంచి జట్టును ప్రతి ఆదివారం చేతులారా పాడు చేసుకుంటుంటే, పక్క తోటలో ఆకు కోసుకుంటూ నోరు మూసుకుని ఉండాల్సిన గతి నాది.

డెబ్బైల ఆఖరు నాటి సంగతి ఇది. హోసూరు దగ్గరి కెలమంగలంలో బస్సు దిగి మట్టి దారిలో కొంత దూరం నడిస్తే వచ్చే ఊరికి నన్ను కోడలిగా ఇచ్చారు. పుట్టిల్లు కెలవరపల్లి దగ్గర. అక్కడ మా అన్న, అతని జతగాళ్లు ఏటి ఇసుకలో వల కట్టి ఆడేవాళ్లు. నేను గొర్రెలను గట్టు మీద వదిలి వాళ్ల ఆట చూసేదాన్ని. మా అన్న ఆడినంత సేపు ఆడి, ఇంటికి వచ్చే దారిలో ఎవడు ఎక్కడ తప్పు చేశాడో నాతో చెప్పేవాడు. వినగా వినగా, నేనే ముందు చెప్పేదాన్ని.

వాలీబాల్ తెలియని వాళ్లకు ఒక మాట. అవతలి నుంచి వచ్చిన బంతిని ఒకడు ఆపుతాడు. రెండోవాడు దాన్ని వల పక్కన పైకి లేపి అందిస్తాడు. మూడోవాడు ఎగిరి కొడతాడు. చప్పట్లన్నీ మూడోవాడికే పోతాయి. కానీ ఆట నడిపేది రెండోవాడు. ఏ బంతి ఎవరికి పోవాలో ఆ క్షణంలో తేల్చేది వాడే. వాణ్ని మా వైపు లిఫ్టర్ అనేవాళ్లు. లిఫ్టర్ మంచివాడైతే తక్కిన ఐదుగురూ మంచివాళ్లుగా కనబడతారు.

మా ఊరి ఆట స్థలం రెండు మల్బరీ తోటల నడుమ ఉండేది. ఇవతల మా చిన్న మడి, అవతల పెద్దింటి వాళ్ల తోట. మాది గొర్రెలు కాచుకున్న కుటుంబం. కాస్త నేల, పట్టుపురుగులు, దాంతో పాటు మా ఇంటాయనకు హోసూరులో కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో కూలి. పెద్దిల్లు అంటే తరతరాలుగా భూమి ఉన్న ఇల్లు. ఆట స్థలం వాళ్లది, వల వాళ్లది, బంతి వాళ్లది. కాబట్టి ఆ ఇంటి పెద్దకొడుకే జట్టుకు కెప్టెను, అతనే లిఫ్టరు కూడా. అది ఎవరూ అడగని విషయం.

మొక్కలు కొట్టేసి కొత్తగా చిగురు వేసే రోజుల్లో నాకు ఆట మొత్తం కనబడేది. ఆకు కోతకు వచ్చేసరికి చెట్లు నా తలకు మించి పెరిగేవి. అప్పుడు మనుషులు కనబడేవాళ్లు కాదు. ఆకుల పైన బంతి ఒక్కటే కనబడేది. పైకి లేచేది, ఒక క్షణం ఆగేది, వంగి దిగిపోయేది. తర్వాత దెబ్బ చప్పుడు వినబడేది. అలా ఎన్ని నెలలు చూశానో, బంతి లేచే తీరును బట్టి అది ఎవరి చేతి నుంచి వచ్చిందో, ఎవరి దగ్గరికి పోతుందో చెప్పగలిగేదాన్ని. మా కెప్టెను లేపిన బంతి అయితే ఆలోచించే పనే లేదు. లేవడమే ఎడమకు వాలుతూ లేచేది. అక్కడ అతని తమ్ముడు ఉంటాడు. తమ్ముడు కొట్టేవాడే, కాదనను. కానీ ఆకు మధ్యలో నిలబడ్డ నాకు తెలిసిన సంగతి, వల అవతల నిలబడ్డ వాళ్లకు తెలియదా? ఇద్దరు ముందే అక్కడికి చేరి చేతులు ఎత్తి కాచుకునేవాళ్లు. ఆ పిల్లవాడు పాపం గోడకు కొట్టినట్టు కొట్టేవాడు.

తక్కిన వాళ్ల గురించీ నా దగ్గర మాటలు ఉండేవి. సర్వీసు చేసే ముందు జుట్టు సవరించుకునే అబ్బి ఒకడు ఉండేవాడు. జుట్టు నిలిచేది గాని సర్వీసు వలకు తగులుకునేది. ఇంకొకడు బంతి తన మీదికి వస్తే పక్కవాడి వైపు చూసేవాడు. వీళ్లను బాగు చేయొచ్చు. లిఫ్టర్ బాగుంటే వీళ్లు కూడా పనికి వస్తారని నా నమ్మకం. ఎవరితో చెప్పేది? ఆడమనిషి వాలీబాల్ గురించి మాట్లాడితే, గొర్రె నోరు తెరిచి లెక్కలు చెప్పినట్టు చూసేవాళ్లు.

మా ఇంటాయన కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. పొడుగైన మనిషి కాబట్టి మొదటి నుంచీ కొట్టేవాడిగానే నిలబెట్టారు. పెళ్లయిన కొత్తలో బాగానే ఎగిరేవాడు. ఫ్యాక్టరీలో పొద్దంతా మిషను ముందు నిలబడి, నిలబడి బస్సులో వచ్చి, మోకాలు పట్టుకోవడం మొదలైంది. ఎగిరేది తగ్గింది. ఆ ఏడు మా ఊరి ఆటల పండుగకు ముందు, ఆయన స్థానంలో ఒక కొత్త కుర్రవాణ్ని తీసుకుంటారని మాట పుట్టింది. మాట పుట్టిన రోజు నుంచి ఆయనకు అన్నం సరిగా దిగలేదు. సాయంత్రాలు ఇంటికి వచ్చి గుడ్డ బూట్లు తీసి చూసుకుని మళ్లీ మూల పెట్టేవాడు.

నాకు ఆ బాధ అర్థమైంది. వల దగ్గర నిలబడినప్పుడే పెద్దింటి పిల్లలు ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు ఆట స్థలం దాటి మా వీధి దాకా వచ్చింది, నన్ను వదినా అనే దాకా వచ్చింది. జట్టులో లేకపోతే మళ్లీ గొర్రెల ఇంటి మనిషిగా మిగిలిపోతానని ఆయన భయం. ఆ మాట నోటితో అనలేదు గాని, అన్నట్టే ఉండేది.

కానీ నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. పట్టుపురుగు పండినప్పుడు, అంటే గూడు కట్టే వేళకు వచ్చినప్పుడు, దాన్ని వేళ్లతో ఎత్తి చంద్రికలో వేయాలి. చంద్రిక అంటే గూడు కట్టుకోవడానికి వెదురుతో చుట్టలు చుట్టలుగా అల్లిన తడిక. గట్టిగా పట్టుకుంటే పురుగు చితుకుతుంది. ఆలస్యం చేస్తే తట్టలోనే దారం తీసేస్తుంది. అందరం వంగి, చూసి చూసి ఏరేవాళ్లం. మా ఇంటాయన మాత్రం నాతో మాట్లాడుతూనే, రెండు చేతులతో ఎత్తి, చంద్రికలో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడికే వదిలేవాడు. ఒక పురుగు మీద ఇంకొకటి పడేది కాదు. ఆ చేతులను చూసినప్పుడల్లా నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. అవి కొట్టే చేతులు కావు, లేపే చేతులు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక చెప్పేశాను.

"ఇదో, వింటివా. నువ్వు షాట్ కొట్టేది చాలించి లిఫ్ట్ చెయ్యి. నీ చేతులు దానికే ఉండాయి."

"లిఫ్టరు కెప్టెను గదమ్మే."

"కెప్టెను అయితే? ఆయప్ప కెప్టెనని బంతికి తెలుసునా?"

"గమ్మునుండు. పొద్దంతా ఆకులో ఉండేదానివి, నీకు ఆట యాడ కనబడింది?"

"బంతి కనబడతాది. అది చాలు నాకు."

"అడిగి తీసుకునే జాగా కాదమ్మే అది," అని ఆయన బూట్లు మూలకు నెట్టేశాడు.

లోపలి నుంచి మా అత్త కేకేసింది. "బంతి మాటలు బయట పెట్టుకోండి. ఈడ పురుగులకు జ్వరం వస్తా ఉండాది."

జ్వరం అంటే రోగం కాదు. పట్టుపురుగు పెరిగే దారిలో నాలుగు సార్లు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. పాత తోలు వదిలి లేస్తుంది. దాన్నే మేము జ్వరం అంటాం. మా ఊరి ఆటల పండుగ నిలిచేది ఈ నాలుగో జ్వరం మీదే. ఊరంతా ఒకే రోజు హోసూరు నుంచి గుడ్లు తెచ్చుకునేవాళ్లం కాబట్టి పురుగులన్నీ కాస్త అటూ ఇటూగా ఒకేసారి పడుకునేవి. పడుకున్న రోజు ఆకు కోసే పని ఉండదు. లేచాక మాత్రం మనిషికి ఊపిరి ఆడదు, గూడు కట్టే దాకా పగలంతా ఆకే. అందుకని, ఆ ఒక్క ఖాళీ రోజు చూసుకుని కృష్ణగిరి నుంచి, తళి వైపు నుంచి జట్లను పిలిచేవాళ్లు. ఏ రోజని తేల్చేది మా అత్త. కెప్టెను అంతటివాడు కూడా మా గడప బయట నిలబడి, "అవ్వా, ఎప్పుడు పడుకుంటాయి?" అని అడగాల్సిందే. మా అత్త నాలుగు తట్టలు చూసి రోజు చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఏడు చలి ఎక్కువ. పురుగులు మందకొడిగా తింటున్నాయి. మా అత్త మామూలు కంటే రెండు రోజులు ఆలస్యంగా రోజు చెప్పింది. ఆ రోజుకే జట్లకు కబురు పోయింది. ఆరుగురి పేర్లు కూడా తేలిపోయాయి. మా ఇంటాయన ఆరుగురిలో లేడు. బెంచీ మీద కూర్చునే వాళ్లలో ఉన్నాడు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, నీళ్ల దగ్గర విన్నాను. ఇంటికి వచ్చి గిన్నెల మీద నా కోపం చూపించాను.

ఆట రోజు మా ఇంట్లో పురుగులు ఆమె చెప్పినట్టే పడుకున్నాయి. తలుపు దగ్గరికి వేసి, నేనూ మా అత్తా ఆడవాళ్లతో కలిసి బండల మీద కూర్చున్నాం. ఎన్నో వారాల తర్వాత బంతి కింద ఉన్న మనుషులను చూడటం నాకు తమాషాగా ఉండింది. మా ఇంటాయన గుడ్డ బూట్లు తొడుక్కుని, తాళ్లు కట్టకుండానే బెంచీ మీద కూర్చున్నాడు.

చివరి ఆట కృష్ణగిరి జట్టుతో పడింది. మొదటి గేము మనవాళ్లు చెత్తగా ఓడారు. నేను అనుకున్నట్టే. ప్రతి బంతీ ఎడమకే, ప్రతిసారీ అక్కడ రెండు జతల చేతులు. రెండో గేము మొదలుపెట్టబోతుండగా పెద్దింటి పెద్దాయన పంచె ఎగగట్టుకుని ఆట స్థలంలోకే వచ్చేశాడు.

"పురుగులు లేసినాయిరా. తట్టలు తట్టలే లేసి ఆకు కోసం తలలు ఆడిస్తా ఉండాయి. రండి ఇద్దరూ."

జరిగింది ఇదీ. చలికి పురుగులు వెనకబడి ఆట రోజుకు పడుకోవేమోనని భయపడి, పెద్దింటి వాళ్లు గదిలో బొగ్గుల కుంపట్లు పెట్టారు. వెచ్చదనానికి అవి అందరి కంటే ముందే పడుకున్నాయి. ముందు పడుకున్నవి ముందే లేస్తాయి కదా. అది వాళ్లకు తట్టలేదు. పైగా ఆట చూడమని కూలీలకు ఆ రోజు సెలవు ఇచ్చింది కెప్టెనే. పెద్దాయన మాట విన్న కూలీలు ఒక్కొక్కరే జనంలో కలిసిపోయారు. దొరికింది కొడుకులే.

కెప్టెను ముఖం చిన్నబోయింది. అయినా ఒక మంచి మాట అన్నాడు. "తమ్ముణ్ని వదులు నాయనా. నేను వస్తాను." తమ్ముడి భుజం తట్టి తండ్రి వెనక వెళ్లిపోయాడు.

ఇక లిఫ్టర్ ఎవరు? మగవాళ్లంతా ఒక చోట చేరారు. తమ్ముడు, "నేను లేపుతాలే," అన్నాడు. అందరూ సరే అన్నారు. ఉన్న ఒక్క కొట్టేవాణ్ని లేపడానికి పెడితే కొట్టేది ఎవరు? ఇంత చిన్న సంగతి ఒక్కరికీ తోచలేదు. మా ఇంటాయన బెంచీ మీద నుంచి నోరు విప్పడు. అడిగి తీసుకునే జాగా కాదు కదా.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"కొట్టేవాణ్ని కొట్టనీండప్పా. లేపేదానికి మా ఇంటాయన ఉండాడు."

ఆట స్థలం మొత్తం నా వైపు తిరిగింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందుకుని ఇంకొంతమంది నవ్వారు. మా ఇంటాయన తల దించుకున్నాడు. అప్పుడు మా అత్త కూర్చున్న చోటు నుంచే అంది, "నవ్వేది ఏమిటికి? ఈ పొద్దు ఆట పెట్టుకోండని చెప్పింది నేను. నా మాట తప్పిందా? ఇది కూడా మా ఇంటి మాటే."

నవ్వు ఆగిపోయింది. తమ్ముడు ఒక క్షణం నన్ను చూసి, బెంచీ వైపు తిరిగి, "రా అన్నా," అన్నాడు. మా ఇంటాయన వంగి బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

మొదటి బంతి ఆయన వేళ్ల మధ్య రెండు సార్లు తగిలింది. తప్పు అని విజిల్ ఊదారు. రెండోది వల దాటి అవతలి వాళ్ల చేతికే పోయింది. కృష్ణగిరి వాళ్లు అరవంలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. బెంచీ మీద గౌరవంగా కూర్చున్న మనిషిని నేనే తెచ్చి నలుగురిలో పడేశానా అనిపించింది. ఆయన వంగి నేల మీది మట్టి తీసుకుని అరచేతులు రుద్దుకున్నాడు, నిదానంగా, పురుగుల గదిలోకి పోయే ముందు చేతులు కడుక్కునేటట్టు. తర్వాతి బంతి వచ్చింది. మోకాళ్లు కాస్త వంచి, ముఖం పైకెత్తి, ఎటూ చూడకుండా వెనక్కి వదిలాడు. ఆ పక్క కొత్త కుర్రవాడు ఒంటరిగా ఉన్నాడు. వాడు కొట్టింది ఎవరికీ అందలేదు.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. ఒకటి మధ్యలో పొట్టిగా, ఒకటి కుడికి పొడుగ్గా, ఒకటి తమ్ముడికి. అవతలి వాళ్లు ఎటు పోవాలో తెలియక ఒకరికొకరు తగులుకున్నారు. తమ్ముడు కొట్టే దెబ్బకు అడ్డమే లేదు. జుట్టు సవరించుకునే అబ్బి కూడా రెండు సర్వీసులు వల దాటించాడు. రెండో గేము మాది. నేను ఏడుస్తున్నానని మా అత్త మోచేత్తో పొడిస్తే తెలిసింది.

మూడో గేము చివరి దాకా పోయింది. ఆఖరి బంతిని ఆయన తమ్ముడికి పువ్వులా అందించాడు. తమ్ముడు ఎగిరిన ఊపులో వలకు చేయి తగిలింది, అది తప్పు కింద లెక్క. ఓడిపోయాం.

ఇంటికి పోయే దారిలో మాటలు వినబడ్డాయి. కెప్టెను ఉంటే గెలిచేవాళ్లమని ఒకడు, లిఫ్టర్‌ను మార్చినందుకే ఇట్లయిందని ఇంకొకడు. మా ఇంటాయన విన్నాడు. ఇంటికి వచ్చి కాళ్లు చేతులు కడుక్కుని పురుగుల గదిలోకి పోయాడు. కాసేపటికి బయటికి వచ్చి, "ఆడ అట్ల లేసి చెప్తివే, సిగ్గు కాలేదా నీకు?" అన్నాడు. "అయ్యింది," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చాలా రోజులకు చూశాను. కానీ బూట్లు మళ్లీ మూలకే పోయాయి. ఓడిన ఆటకు లిఫ్టరైన మనిషిని ఇక పిలుస్తారని ఇద్దరికీ నమ్మకం లేదు.

పురుగులు లేచాయి. ఆకు కోయడం, వేయడం, మళ్లీ కోయడం. ఆట గురించి తలచుకునే తీరిక లేదు. తర్వాత పురుగులు పండాయి. ఆ రోజు ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నాతో కలిసి ఏరుతున్నాడు. మధ్యాహ్నం గడప బయట "అన్నా" అని పిలుపు. కెప్టెను. వాళ్ల ఇంట్లో అప్పటికే గూళ్లు కట్టేశాయి.

పురుగులు పండిన ఇంట్లోకి బయటివాళ్లు రారు. ఆయన చేతుల నిండా పురుగులు, బయటికి రాలేడు. నేనే గడప దగ్గరికి వెళ్లాను. కెప్టెను నా భుజం మీదుగా లోపలికి చూస్తూ, మా ఇంటాయన చేతులు ఆడే తీరును కాసేపు అలాగే చూశాడు.

"ఆ పొద్దు నేను మా తోటలో ఆకు కోస్తా ఉంటి వదినా," అన్నాడు. "ఆట జాగాకు ఆనుకొని ఉండే సాలులోనే. మనుషులు కనబడలేదు. ఆకు పైన బంతి ఒకటే కనబడింది."

అతను తోట వైపు చెయ్యి చూపించాడు.

"నా బంతి యాడికి పోతాదో నాకు తెలుసు. అన్న లేపింది యాడికి పోతాదో ఒక్క తూరి కూడా కనుక్కోలేకపోతి. కోసేది మరిచి నిలబడితే మా నాయన తిట్టినాడు."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్ని నెలలు ఆ ఆకుల మధ్య నేను ఒక్కదాన్నే చూసింది, ఇంకొక మనిషి చూశాడు. నేను చెప్తే కాదు, తనంతట తానే చూశాడు.

"వచ్చే నెల కృష్ణగిరిలో ఆట ఉండాది," అన్నాడు కెప్టెను. "అన్నే లిఫ్టరు. నేను చెప్పేసినాను అందరికీ." గడప మీది మట్టిని కాలి బొటనవేలితో గీకుతూ అడిగాడు. "నేను యాడ నిలబడేది, వదినా?"

లోపల ఆయన చేతులు ఆగిపోవడం నాకు తెలిసింది.

"వెనక, ఎడమ మూల," అన్నాను. "కొట్టేవాని చెయ్యి చూసి బంతి యాడ పడతాదో నీకు ముందే తెలుస్తాది, చూసినాను. దాన్ని నేల మీద పడనీకుండా ఎత్తేవాడు మనకు ఇంతవరకూ లేడు."

అతను ఆలోచించి తలూపాడు. "సరే. ఇంకా?"

ఆ మాట కోసం నేను ఎంతకాలంగా కాచుకుని ఉన్నానో అతనికి తెలియదు. గడప మీద కూర్చుని, జుట్టు సవరించుకునే అబ్బి దగ్గర మొదలుపెట్టాను. కెప్టెను బయట గొంతుక్కూర్చుని వింటున్నాడు. లోపల మా ఇంటాయన మళ్లీ పురుగులు ఏరుతూ, "మెల్లగా చెప్పమ్మే," అన్నాడు, "ఒక్క రోజులో అన్నీ ఎక్కవు ఆయప్పకు."